చిన్నపరెడ్డి బావి గుంటలో దొరికిన వెన్నెముక

1954 మార్చిలో నన్ను కావలి నుంచి ఉదయగిరి పోలీసు స్టేషనుకు సబ్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. మేము రాసే ఫారాల మీద ఇంకా మదరాసు పేరే ఉండేది. ఉదయగిరి అంటే ఎవరో ఒకరికి కోపం తెప్పించినవాణ్ణి పంపే ఊరని శాఖలో ఒక మాట ఉండేది. నా విషయంలో అది నిజం కాదు. ఖాళీ వచ్చింది, నాకు ఇరవై ఏడేళ్లు, పెళ్లి కాలేదు, కాబట్టి పంపారు. స్టేషనులో నా కింద ఒక హెడ్ కానిస్టేబులు, కొందరు కానిస్టేబుళ్లు. హెడ్ కానిస్టేబులు మస్తాన్ ఆ ఊరివాడే, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మా పైన ఆత్మకూరులో సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు. ఏ పెద్ద కేసయినా ఆయన ఆత్మకూరు నుంచి వచ్చి చూసేవరకూ మాది తుది నిర్ణయం కాదు.

ఆ వేసవిలో, మే నెల మొదట్లో, ఉదయగిరికి పడమటగా ఉన్న ఒక పల్లె నుంచి గ్రామ మునసబు రిపోర్టు వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. ఆ కుటుంబం వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఊళ్లో అనుమానంగా ఏ చావు జరిగినా, శవం ఏదైనా బయటపడినా వెంటనే స్టేషనుకు, మేజిస్ట్రేటుకు రాసి పంపడం ఆ రోజుల్లో మునసబు విధి. రిపోర్టు సారాంశం ఇది. చిన్నపరెడ్డి అనే రైతు తన చేలో బావి తవ్విస్తుండగా, నిలువెత్తు లోతులో మనిషి ఎముకలు బయటపడ్డాయి. వెన్నెముక గూనుగా వంగి ఉంది. రెండేళ్ల కిందట ఊరి నుంచి మాయమైన మాలకొండయ్యకు గూను ఉండేది. ఆ చేను ముందు మాలకొండయ్య, అతని అన్న పెంచలయ్య ఉమ్మడిగా సాగు చేసుకున్నది. తమ్ముడు కనిపించకుండా పోయిన మరుసటి ఏడు పెంచలయ్య దాన్ని చిన్నపరెడ్డికి అమ్మాడు. కాబట్టి ఊరంతా పెంచలయ్యనే అనుమానిస్తోంది.

నేను క్రిమినల్ ప్రొసీజర్ కోడు 174వ సెక్షను కింద అనుమానాస్పద మరణంగా నమోదు చేసి, మస్తాన్‌ను, ఇద్దరు కానిస్టేబుళ్లను తీసుకుని బండి కట్టించుకుని వెళ్లాను. 

బావి గుంట దగ్గర ఊరు ఊరంతా ఉంది. ఎముకలను కూలీలు పైకి తీసి ఒక గోనెపట్టా మీద కుప్పగా పోశారు. శవం ఉన్న చోటు చెదిరిందంటే మా పని సగం చెడినట్టే. చేసేది లేక, ఐదుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టి శవ పంచాయతీ మొదలుపెట్టాను. శవ పంచాయతీ అంటే ఊరి పెద్దల సమక్షంలో శవాన్ని చూసి, ఎలా చనిపోయి ఉంటారో వాళ్ల అభిప్రాయం రాసుకోవడం. ఐదుగురిదీ ఒకటే మాట. ఇది మాలకొండయ్యదే. వెన్నెముకలో మూడు ఎముకలు ముందువైపు అణిగిపోయి, ముద్దగా కలిసిపోయి, వీపు వైపుకు పొడుచుకు వచ్చి ఉన్నాయి. అలాంటి గూను ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు.

గోనెపట్టా పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎండకు ఎవరో తలమీద కొంగు కప్పినా తీసేసింది. ఆమె సుబ్బమ్మ, మాలకొండయ్యకూ పెంచలయ్యకూ తల్లి. ఒక కొడుకు ఎముకలు ఎదురుగా ఉన్నాయని, వాటిని అక్కడ పూడ్చింది ఇంకో కొడుకని ఊరు ఆమెకు చెబుతోంది. ఆమె ఏడవడం లేదు. కూర్చుని ఆ గూను ఎముకనే చూస్తోంది.

పెంచలయ్య ఇంటి దగ్గరే దొరికాడు. గొర్రెలు కాసుకునే మనిషి, నలభై దాటి ఉండవు. పారిపోయే ప్రయత్నం చేయలేదు. విచారణకు స్టేషనుకు తీసుకువచ్చాము. మస్తాన్ అడగబోయేలోపు అతనే నోరు విప్పాడు.

"నేనే చంపినాను సార్. రాసుకోండి."

మస్తాన్ కలం అందుకున్నాడు. నేను ఆగమని, "దేంతో చంపినావు?" అని అడిగాను.

"దేంతో ఏంది సార్. మాటతో."

ఆ తర్వాత అతను చెప్పింది ఇది. తమ్ముడికి పదిహేనేళ్ల వయసులో వీపులో నొప్పి మొదలై, మెల్లగా గూను తేలింది. అది అట్లాగే ఉండిపోయింది. ముప్పై దగ్గరకొచ్చాక దగ్గు పట్టుకుంది, సాయంత్రమైతే జ్వరం, ఒకసారి కళ్లెలో నెత్తురు. పెంచలయ్యకు ముగ్గురు పిల్లలు.

"పిల్లలుండారు, నువ్వు గొర్రెల దొడ్లో పండుకోరా అన్నాను. సట్టి వేరే, చెంబు వేరే పెట్టినాము. వాడేం అనలేదు. ఒకనాడు మా చిన్నది పొయ్యి వాడి ఒళ్లో కూర్చోనుండాది. నాకు ఒళ్లు తెలీలేదు సార్. నా బిడ్డను గూడా తీసకపోతావా, యాడికన్నా పొయ్యి చావరా అని అరిచినాను. తెల్లారి చూస్తే దొడ్లో లేడు. యాడో బావిలో దూకుంటాడనుకున్నాను. ఈడ ఎవురు పూడ్చినారో నాకు తెలీదు. చంపింది మటుకు నేనే."

ఇది ఒప్పుకోలు కాదు. ఒకవేళ అయినా, పోలీసు ఎదుట చెప్పిన ఒప్పుకోలు సాక్ష్య చట్టం ప్రకారం కోర్టులో చెల్లదు. కానీ అదే మాట మేజిస్ట్రేటు ముందు, 164వ సెక్షను కింద చెబితే చెల్లుతుంది. స్టేషనులో మాట గోడలు దాటి పోవడానికి ఎంతోసేపు పట్టదు. మరునాడు ఆత్మకూరు వెళ్లేసరికి సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారికి ఇదంతా తెలిసే ఉంది. ముద్దాయి తానే ఒప్పుకుంటానంటుంటే ఆలస్యం దేనికి, అరెస్టు చేసి మేజిస్ట్రేటు ముందు పెట్టమన్నారు. ఆయన తొందరపాటు మనిషి కాదు. ఆయన ముందున్న సంగతులు అలా ఉన్నాయి: తగాదా ఉంది, భూమి అమ్మకం ఉంది, గుర్తుపట్టగలిగిన ఎముకలు ఉన్నాయి, నేను చేశానంటున్న మనిషి ఉన్నాడు. ఆ రోజుల్లో ఇంతకంటే తక్కువతో ఉరిశిక్ష పడిన కేసులున్నాయి. పైగా పెంచలయ్య నిజంగానే మేజిస్ట్రేటు ముందు కూడా ఆ మాటే చెప్పేలా ఉన్నాడు. అతనికి శిక్ష కావాలి.

డాక్టరు ఎముకలు చూసి అభిప్రాయం రాసేవరకు ఆగుదామని మాత్రం అడిగాను. ఆయన ఒప్పుకున్నారు. ఆ నెల ఉదయగిరి డిస్పెన్సరీలో డాక్టరు పోస్టు ఖాళీ. అందుకని ఆత్మకూరులో ఉన్న అసిస్టెంటు సర్జను రంగనాయకులు గారిని పంపారు.

రంగనాయకులు గారు సన్నగా, కాస్త ఎడమ పక్కకు వంగి నడిచే మనిషి. వింజమూరు మీదుగా వచ్చే బస్సులో నా పక్కనే కూర్చుని, దారి పొడుగునా ఒక్క ప్రశ్నే వేశారు: ఎముకలు దొరికిన చోటు మీద ఏముండింది? మట్టి అని చెప్పాను. ఆయన తల ఊపారు.

గుంట దగ్గర కాపలా ఉంచిన కానిస్టేబులు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సుబ్బమ్మ ఇంకా అక్కడే ఉంది. కోడలు తెచ్చిన సంగటి పక్కన అట్లాగే ఉంది. డాక్టరు గారు ఒక తెల్ల దుప్పటి పరిపించి, ఎముకలను ఒక్కొక్కటిగా మనిషి పడుకున్న వరుసలో పేర్చడం మొదలుపెట్టారు. తర్వాత విరిగిన తొడ ఎముక ముక్క ఒకటి తీసుకుని, దుమ్ము తుడిచి, విరిగిన అంచును నాలుక కొసకు ఆనించారు. 

"ఏంది సామీ అది!" అని మస్తాన్ వెనక్కి రెండడుగులు వేశాడు.

డాక్టరు గారు చెయ్యి వదిలారు. ఎముక ముక్క కిందపడకుండా ఒక క్షణం ఆయన నాలుకకు అంటుకునే ఉంది. దాన్ని తీసి, నోరు పుక్కిలించి, నాకు వివరించారు. మనిషి చనిపోయి రెండేళ్లయితే ఎముకలో ఇంకా కొవ్వు ఉంటుంది, జిడ్డు ఉంటుంది, కీళ్ల దగ్గర నరాల పోగులు మిగులుతాయి, వాసన పోదు. వందల ఏళ్లు మట్టిలో ఉంటే అవన్నీ పోయి, కాల్చిన మట్టిలాగా తేమ పీల్చేదిగా మారుతుంది. అందుకే నాలుకకు అంటుకుంటుంది. ఇది పాత పరీక్ష. ఇదొక్కటే చాలదు, కానీ దారి చూపిస్తుంది. పళ్లు కూడా చూపించారు. అన్నీ పైన చదునుగా అరిగిపోయి ఉన్నాయి. రాతి మీద దంచిన, ఇసుక కలిసిన తిండి ఏళ్ల తరబడి తింటే అట్లా అరుగుతాయట.

తర్వాత ఆయన కటి ఎముకలను రెండు చేతులతో కలిపి పట్టుకుని, వాటి మధ్య ఖాళీని బొటనవేళ్లతో కొలిచినట్టు చూశారు. 

"సబ్ ఇన్‌స్పెక్టరు గారూ, మీ మాలకొండయ్య మగవాడేగా?"

"అవునండీ."

"ఇది ఆడమనిషి."

జనంలో ఒక్కసారిగా గొడవ లేచింది. డాక్టరు గారు అది పట్టించుకోకుండా బావి కూలీలను పిలిచారు. "ఎముకల పైన బండ ఉండిందా లేదా? నిజం చెప్పండి. మీ మీద కేసేమీ ఉండదు." వాళ్లు చిన్నపరెడ్డి వైపు చూశారు. చిన్నపరెడ్డి తువ్వాలుతో మెడ తుడుచుకుని ముందుకొచ్చాడు.

"ఉండినాది సార్. నాలుగు పక్కలా నాలుగు బండలు, పైన ఒక పెద్ద బండ. పెట్టె మాదిరిగా. చెప్తే గవర్మెంటోళ్లు వచ్చి ఈడ తవ్వొద్దంటారని చెప్పలా. నీళ్లు లేక గొడ్లు చస్తా ఉండాయి సార్."

బండలు అతని పశువుల కొట్టం ముందు పరిచి ఉన్నాయి. పెట్టెలో కుండలు కూడా ఉన్నాయట. లోపల బంగారం ఉంటుందని పగలగొట్టారు. మట్టి తప్ప ఏమీ లేదు. పెంకులు తెప్పిస్తే, లోపలంతా నలుపు, బయట పైభాగం నలుపు, కింది భాగం ఎరుపు. ఒక గిన్నె మాత్రం పగలకుండా మిగిలింది. దాంట్లో కోళ్లకు నీళ్లు పోస్తున్నారు. తుప్పుపట్టి పొరలు లేస్తున్న ఇనప కత్తి ఒకటి కూడా బయటికి వచ్చింది. అలాంటి రాతి పెట్టెలు ఆ కొండల కింద అక్కడక్కడా ఉన్నాయని, జనం వాటిని రాకాసి గుళ్లంటారని మస్తాన్ చెప్పాడు. పూర్వం చనిపోయినవాళ్లను అలా పెట్టేవారని, అవి రెండు వేల ఏళ్లకు పైబడినవి కావచ్చని డాక్టరు గారు అన్నారు.

కేసు నా చేతుల్లోనుంచి జారిపోయింది. అంత సంతోషంగా నా కేసు ఏదీ ఎప్పుడూ జారిపోలేదు.

సుబ్బమ్మ అప్పుడు మాట్లాడింది. ఆ రోజు ఆమె గొంతు వినడం అదే మొదలు.

"అయితే ఇది మావోడు కాదా సామీ?"

"కాదవ్వా. ఎన్నో తరాల కిందటి ఆడమనిషి."

"మరి గూను?"

"గూను అదే. జబ్బు కూడా అదే. మీవాడి వీపులో పట్టింది, తర్వాత ఊపిరితిత్తుల్లో పట్టింది, రెండూ క్షయే. ఈమెకూ అదే వచ్చింది."

"మా ఇంటికి తగిలిన శాపమంటా ఉండారు అందరూ."

"ఎవరి శాపమూ కాదు. మనుషులంత పాత జబ్బు ఇది. చంద్రుడికి పట్టిందని పురాణాల్లో చెబుతారే, అదే. ఇది పట్టని ఇల్లు, పట్టని ఊరు, పట్టని దేశం లేదు." డాక్టరు గారు ఆ కలిసిపోయిన ఎముకల ముద్దను ఎత్తి ఆమెకు దగ్గరగా పట్టుకున్నారు. "ఇక్కడ చూడవ్వా. మూడు ఎముకలు పుచ్చిపోయి కూలినాయి. కూలినాక మళ్లీ గట్టిపడి ఒకటిగా అతుక్కున్నాయి. జబ్బు ఆరిపోతేగాని ఎముక అతుక్కోదు. దానికి ఏళ్లు పడుతుంది. పక్కటెముకలు గూనుకు తగ్గట్టు పెరిగినాయి చూడు, అంటే చిన్నపిల్లగా ఉన్నప్పుడే వచ్చింది. నలభై దాకా బతికింది."

"మందు లేకుండానా?"

"లేకుండానే. అందరికీ అట్లా జరగదు. ఈమెకు జరిగింది. ఇప్పుడైతే మందులు ఉన్నాయి."

సుబ్బమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచింది. డాక్టరు గారి వైపు కాదు, నా వైపు తిరిగింది.

"అట్లయితే మావోడు బతికే ఉండొచ్చు. ఇందాకటిదాకా చచ్చినోణ్ణి వెతికినారు గదా సామీ. ఇంక బతికినోణ్ణి వెతకండి."

ఆ సాయంత్రం ఉదయగిరి ట్రావెలర్స్ బంగళా వరండాలో కూర్చుని డాక్టరు గారు తన నివేదిక రాశారు. రాయడం అయ్యాక, తాను ఎడమ పక్కకు ఎందుకు వంగి నడుస్తారో చెప్పారు. వైద్యం చదువుతున్నప్పుడు ఆయనకే క్షయ వచ్చింది. అప్పటికి మందులు లేవు. చిత్తూరు జిల్లాలో కొండగాలి తగిలే చోట ఉన్న ఒక క్షయ ఆసుపత్రిలో ఏడాదికి పైగా పడుకోబెట్టి, ఎడమ ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి ఎక్కించి, దాన్ని పనిచేయకుండా అణిచి ఉంచారు. విశ్రాంతి ఇస్తే గాయం మానుతుందని లెక్క. ఆయనకు మానింది, ఆయన పక్క మంచాల్లో చాలామందికి మానలేదు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పాస్ పొడి, ఇప్పుడు కొత్తగా వచ్చిన ఐసోనయాజిడ్ బిళ్లలు - ఈ మూడూ చేతికి రావడం చూసిన తమ తరంవాళ్లు అదృష్టవంతులని ఆయన అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఉన్న వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ జబ్బు మనిషికి ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. పశువుల నుంచి అని ఆ రోజుల్లో పుస్తకాల మాట. మనిషి ఆవును, మేకను మచ్చిక చేసుకుని, పాలు తాగి, ఒకే కప్పు కింద పడుకున్న కాలంలో పశువుల క్రిమి మనిషికి అలవాటు పడిందని అనుకునేవారు. ఆయన కూడా అదే చెప్పారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక, దీని మీద కనిపించినదల్లా చదివే అలవాటు నాకు పట్టింది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఆ మాటను తిరగేశారు. క్రిముల వంశవృక్షాన్ని వాటి జన్యువుల రాతను పోల్చి గీసి చూస్తే, మనిషి క్రిమి పశువుల క్రిమి నుంచి పుట్టింది కాదట. మనిషిలో ఉన్నదే పాతది కావచ్చు. పశువుల క్రిమి, దానికంటే ముందు మరికొన్ని జంతువుల క్రిములు, ఆ వంశంలో తర్వాత విడిపోయిన కొమ్మలు. మనిషి ఆఫ్రికా నుంచి నడక మొదలుపెట్టి లోకమంతా పాకినప్పుడు అది కూడా వెంట నడిచి ఉంటుందని కొందరంటారు. ఎంత పాతదన్న దాని మీద వాళ్లలో వాళ్లకే ఇంకా వాదం ఉంది.

నాకు బాగా నచ్చిన సంగతి మరొకటి ఉంది. మనుషులు చిన్న చిన్న గుంపులుగా తిరిగే కాలంలో, మశూచిలాగా దూకుడుగా చంపే క్రిమి అయితే గుంపుతో పాటు తానూ అంతరించి ఉండేది. ఇది అట్లా కాదు. ఒంట్లో చేరి, చప్పుడు చేయకుండా ఏళ్లకేళ్లు ఒక మూల కూర్చుంటుంది. చాలామందిలో ఎప్పటికీ లేవదు. కొందరిలో ఒంటికి బలం తగ్గినప్పుడు లేస్తుంది, అప్పటికి గుంపులో కొత్త తరం పిల్లలు పుట్టి ఉంటారు. మా శాఖ భాషలో చెప్పాలంటే, ఇది ఊరు విడిచి పారిపోయే ముద్దాయి కాదు, సొంత ఇంటి అటక మీదే దాక్కునే రకం. గొర్రెల దొడ్లో పడుకున్న తమ్ముడి ఒళ్లో పిల్ల కూర్చుంటే అన్న ఎందుకు అంత భయపడ్డాడో, ఇది చదివాక నాకు ఇంకా బాగా అర్థమైంది. భయం తప్పు కాదు. 

ఇక కేసు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు డాక్టరు నివేదిక చదివి, రెండో అభిప్రాయం కూడా ఉండాలన్నారు. అది సబబే. ఎముకలను పెట్టెలో పెట్టి, సీలు వేసి, మేజిస్ట్రేటు ద్వారా వైద్య కళాశాలలో శరీర నిర్మాణం బోధించే ఆచార్యుడికి పంపాము. పెంచలయ్యను ఇంటికి పంపించాను. అతను వెళ్లనన్నాడు. "మావోడు దొరికేదాకా నన్ను ఈడనే ఉంచండి సార్" అని స్టేషను అరుగు మీద కూర్చున్నాడు. అరెస్టు కాని మనిషిని స్టేషనులో ఉంచుకోవడానికి నిబంధన లేదు. చివరికి మస్తాన్ అతన్ని చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు.

మాలకొండయ్య పేరున కనిపించని మనిషి కేసు పెట్టి, ఆనవాళ్లు రాసి, చుట్టుపక్కల సర్కిళ్లకు పంపాను. గూను ఆనవాలు కాబట్టి ఒకరిని చూసి ఇంకొకరనుకునే ప్రమాదం లేదు. అయితే అందులో నుంచి ఏమీ రాలేదు. వచ్చింది డాక్టరు గారి దారిలో. దగ్గుతో, జ్వరంతో, పొమ్మంటే పోయిన మనిషి చావడానికి వెళ్లకపోతే వైద్యానికే వెళ్లి ఉంటాడని ఆయన తర్కం. క్షయ ఆసుపత్రులు అప్పటికి మన వైపు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అన్నింటిలో ఆయనతో చదివినవాళ్లో, ఆయనకు వైద్యం చేసినవాళ్లో ఉన్నారు. అందరి దగ్గరా వాకబు చేశారు. జూన్ చివర్లో ఆయన పడుకున్న ఆసుపత్రి నుంచే కబురు వచ్చింది. నెల్లూరు జిల్లా మనిషి, గూను ఉంది, పేరు కొండయ్య అంటాడు, జబ్బు నయమయ్యాక పోవడానికి చోటు లేదంటే ఆసుపత్రి కూరగాయల తోటలో పనిలో పెట్టుకున్నారు.

గుర్తుపట్టడానికి పెంచలయ్యను, వెంట మస్తాన్‌ను పంపాను. అక్కడ జరిగింది నేను చూడలేదు, మస్తాన్ వచ్చి చెప్పాడు. తోట కంచె బయట ఇద్దరూ నిలబడ్డారట. లోపల ఒక గూని మనిషి వంకాయ చెట్లకు పాదులు చేస్తున్నాడు. ఆ మనిషే తలెత్తి చూసి, పార కింద పెట్టి, 

"అన్నా, గొర్రెలు బాగుండాయా?" అన్నాడట.

పెంచలయ్య కంచె పట్టుకుని అట్లాగే కూలబడ్డాడని, తానూ వెనక్కి తిరిగి బీడీ వెలిగించుకోవాల్సి వచ్చిందని మస్తాన్ చెప్పాడు.

అన్నదమ్ములను ఉదయగిరి తీసుకొచ్చిన రోజు, మాలకొండయ్య వాంగ్మూలం రాసుకోవడానికి నేను స్టేషనులో ఉన్నాను. ఇల్లు వదిలిన నాడు కలిగిరి దాకా నడిచి, అక్కడ బస్సెక్కి నెల్లూరు చేరాడు. నెల్లూరు పెద్దాసుపత్రి వరండాలో పడి ఉంటే అక్కడివాళ్లు ఈ ఆసుపత్రి సంగతి చెప్పి రైలెక్కించారు. ఇంటికి కబురెందుకు చేయలేదని అడిగాను. ఎక్స్‌రే తీసి పూర్తిగా మానిందని చెప్పాకే చేద్దామనుకున్నాడట. మానిందని చెప్పాక, ఊళ్లో ఎవరూ నమ్మరేమోనని భయం పట్టుకుందట. సుబ్బమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. వాంగ్మూలం రాసినంతసేపూ ఆ చెయ్యి తీయలేదు. పెంచలయ్య దూరంగా, గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మాలకొండయ్య అతన్ని చూసి అన్నాడు: "ఆడ గూడా మమ్మల్ని వేరేగానే పండుకోబెట్టినారు అన్నా. మా పళ్లెం మాకే, మా లోటా మాకే. పిల్లల్ని దగ్గరికి రానీబాకండి అన్నారు. నువ్వు చెప్పిందే డాక్టర్లు గూడా చెప్పినారు." చివరన, "కాకుంటే వాళ్లు కేకలెయ్యలా," అన్నాడు.

పెంచలయ్య నవ్వాడో ఏడ్చాడో నేను చెప్పలేను. దగ్గరికి వచ్చి తమ్ముడి సంచి అందుకున్నాడు.

ఆ వారం రంగనాయకులు గారు ఆత్మకూరు నుంచి వచ్చి మాలకొండయ్యను, ఇంటిల్లిపాదినీ పరీక్ష చేశారు. కళ్లెలో క్రిమి లేదని, మందు ఇంకొంతకాలం మానకుండా వాడాలని చెప్పారు. పిల్లల్ని ఎత్తుకోవచ్చా అని మాలకొండయ్య అడిగితే, ఎత్తుకోవచ్చన్నారు. పెంచలయ్య చిన్నకూతురు అప్పటికే ఎత్తుకునే వయసు దాటింది. అయినా ఎక్కి కూర్చుంది. ఊరివాళ్లు చూడాలనే డాక్టరు గారు ఈ పరీక్ష అంతా రచ్చబండ దగ్గర చేశారని నాకు తర్వాత తెలిసింది. అందరూ ఒక్కరోజులో మారారని చెప్పను. చిన్నపరెడ్డి మాత్రం ఆ మరునాడే మాలకొండయ్యను పిలిచి తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

ఆచార్యుడి అభిప్రాయం వర్షాకాలంలో వచ్చింది. పురాతన కాలపు స్త్రీ, వెన్నెముక క్షయ, మానిన గుర్తులు స్పష్టం. ఆ ఎముకలను విద్యార్థులకు చూపించడానికి అక్కడే ఉంచుకుంటామని అడిగారు, మేజిస్ట్రేటు అనుమతించారు. కుండ పెంకులు, గిన్నె, ఇనప కత్తి తాసిల్దారు ద్వారా పురావస్తు శాఖకు వెళ్లాయి. నేను తుది నివేదిక పంపాను. నేరం జరగలేదని తేలిన కేసును మా శాఖలో మిస్టేక్ ఆఫ్ ఫాక్ట్ అని ముగిస్తారు. బావిని కొంచెం పక్కకు జరిపి తవ్వారు, నీళ్లు పడ్డాయి.

ఆ తర్వాత నేను సర్కిల్ ఇన్‌స్పెక్టరునై, డిప్యూటీ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఈ కేసు నాకు రెండు పనులు నేర్పింది. ఒకటి, చేశానని ఎవరైనా ఒప్పుకుంటే, ఏం చేశాడో చివరిదాకా అడగాలి. మనుషులు చట్టం నేరమని చెప్పని వాటికి కూడా శిక్ష కోరుకుంటారు. రెండోది, కనిపించని మనిషి కేసు వస్తే తగాదాలు ఎవరితో ఉన్నాయని అడగడానికి ముందు, ఒంట్లో ఎలా ఉండేదని అడగాలి. నా కింద పనిచేసిన సబ్ ఇన్‌స్పెక్టర్లందరికీ ఇది చెప్పాను. జబ్బుగా ఉండేవాడని జవాబు వస్తే, ముందు ఆసుపత్రులకు మనిషిని పంపమనేవాణ్ణి. అలా పంపినప్పుడు కొందరు బతికి దొరికారు.